చూడడం, తినడం

మా తమ్ముడికి కిడ్నీ ఇవ్వడానికి నా రక్తం సరిపోయింది, మిగతా పరీక్షలన్నీ సరిపోయాయి, ఒళ్ళు మాత్రం సరిపోలేదు. "బరువు తగ్గి రండి, అప్పుడు ఆపరేషన్ మాట మాట్లాడదాం" అన్నాడు విశాఖపట్నం డాక్టరు. ఓస్, అదెంత పని అనుకున్నాను.

మర్నాటి నుంచి తెల్లవారకముందే శారదా నది గట్టు మీద నడక. అన్నం మానేశాను. జొన్నరొట్టె, కీరదోస ముక్కలు, ఉప్పూ కారం లేని చిక్కుడుకాయలు. పెళ్ళి భోజనాల్లో మజ్జిగ తాగి లేచి వచ్చేశాను. మా ఆవిడ నూనె సీసా ఎక్కడో దాచేసింది. తీరా బరువు చూసుకునే మిషను ఎక్కితే ముల్లు అక్కడే. ఛీ, పాడు మిషను అని కొత్తది తెచ్చాను. అదీ అదే మాట చెప్పింది.

ఇదేం ఒళ్ళో నాకు అర్థం కాలేదు. గాలి పీల్చినా లావెక్కే వంశమా మాది? అలా అయితే తమ్ముడెందుకు పుల్లలా అయిపోయాడు? డయాలసిస్ నుంచి వచ్చినప్పుడల్లా వాడు నా పొట్ట వైపు చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే నాకు మంట పుట్టించేది. లోపల్లోపల నాకు ఆపరేషనంటే భయమేమో, ఆ భయమే ఒళ్ళు తగ్గనివ్వడం లేదేమో అని కూడా అనిపించింది. నా మీద నాకే అనుమానం, ఎవరికైనా చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఒకరోజు రాగిజావ ఇంట్లో మర్చిపోతే మా ఆవిడ మార్కెట్ యార్డుకు తెచ్చింది. మా అన్నదమ్ములది బెల్లం వ్యాపారం. ఆవిడ ఓ పక్కన నిలబడి కాసేపు నన్నే చూసింది.

"ఇందాకట్నుంచి ఏటండీ నములుతున్నారు?"

"నమల్డమేటే? సరుకు సూత్తన్నాను."

"సూడ్డమంటే నోటితోనా?"

నోటితో కాక? బెల్లం దిమ్మ అంచు గోటితో గిల్లి నాలుక మీద వేసుకుంటేనే కదా, ఉప్పదనం ఉందో లేదో, పాకం ముదిరిందో లేదో తెలిసేది! రైతులు తెచ్చిన ప్రతి సరుకూ అలాగే చూడాలి. మా యార్డులో దాన్ని తినడం అనరు, చూడడం అంటారు. మా నాన్న ఒక్కపొద్దు ఉన్న రోజు కూడా పొద్దున్నంతా చూసేవాడు. ఇంటికొచ్చి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదనేవాడు. అది అబద్ధం కాదు, ఆయన లెక్కలో అది తిండే కాదు. ఏమేం తింటారని డాక్టరు అడిగినప్పుడు నాకు బెల్లం మాట తోచనే లేదు.

"రోజూ ఎంత సూత్తారేటి?" అంది మా ఆవిడ నెత్తి కొట్టుకుంటూ. ఎంతో నాకు తెలిస్తే కదా!

తమ్ముడికి చెబుదామని పరుగున వెళ్ళాను. డయాలసిస్ లేని రోజుల్లో వాడు మా షెడ్డులోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వింటే సంతోషిస్తాడనుకున్నాను.

"సరుకు సూత్తే లావైపోతారా అన్నయ్యా? అలగైతే ఈ యార్డులో అందరూ ఏనుగులైపోవాల" అన్నాడు. గొంతు తగ్గించి, "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని సెప్పెయ్. బెల్లం మీదకి తొయ్యకు" అన్నాడు.

కోపం నషాళానికి అంటింది. ఏడుపూ వచ్చింది. వాడిది తప్పని ఎలా అనను? పొద్దుటిదాకా నేనూ అలాగే అనుకున్నాను కదా.

ఎదురుగా ఉన్న దిమ్మ గిల్లి నోట్లో వేసుకున్నాను. రుచి తెలిశాక, అందరూ చూస్తుండగా కింద ఉమ్మేశాను. మాకు బెల్లమంటే లక్ష్మి. నాకు ఊహ తెలిశాక యార్డులో బెల్లం ఉమ్మినవాణ్ణి చూడలేదు. "ఓలమ్మో!" అన్నారెవరో. "మతిపోయిందేట్రా నీకు?" అని పక్క షెడ్డు మామ కేకేశాడు. ఇంకో దిమ్మ గిల్లాను. మళ్ళీ ఉమ్మాను. చేస్తున్నది తప్పో ఒప్పో, దీంతోనైనా ఒళ్ళు తగ్గుతుందో లేదో నాకేం తెలుసు?

మళ్ళీ గిల్లబోతుంటే తమ్ముడు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. తన చేతిలోని చిన్న నీళ్ళ సీసా మూత తీసి నాకిచ్చాడు. డాక్టర్లు వాణ్ణి రోజు మొత్తానికి తాగమన్న నీళ్ళు అవే, అంతకు మించి తాగకూడదు.

"పుక్కిలించు అన్నయ్యా. తీపి నోట్లో ఉండిపోద్ది" అన్నాడు.