పోగు తెగిన చోట

ముప్పై ఏళ్లు పిల్లలకు సంగీతం చెప్పానన్న గర్వం నాకు ఉంది. ఉంటే తప్పేముంది? ఆ గర్వంతోనే హన్మకొండలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రానికి శనివారాలు వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ పాఠాలుండవు. పిల్లలు కీబోర్డు మీద ఏది తోస్తే అది వాయిస్తారు. నేను అప్పటికప్పుడు దానికి జవాబు వాయించాలి, వాళ్లు మళ్లీ నాకు జవాబివ్వాలి. మాటలు రాని పిల్లలతో అదే మా కబుర్లు.

కాశిబుగ్గ నుంచి పదకొండేళ్ల పాప ఒకతె వచ్చేది. ఆటిజం. మాటలు లేవు. ఏ పాటైనా ఒక్కసారి వింటే చాలు, పొల్లు పోకుండా వాయించేసేది. కేంద్రానికి ఎవరొచ్చినా సెల్లులో ఏదో పాట పెట్టి పాపను పరీక్షించడమే. నేనేం తక్కువ తినలేదు, మా చుట్టాలను పిలిచి మరీ చూపించాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇంట్లోనే మరమగ్గం, వాళ్ల మాటలో సాంచ, నడిపే పాప నాన్న మాత్రం మురిసేవాడు కాదు.

"పాటలు ఎన్నైన కొడ్తది మేడం. నేను పిలిస్తె మాత్రం నా దిక్కు సూడది. ఒక్కసారి నాకు జవాబిస్తె సాలు," అన్నాడు మొదటిరోజే.

ఇప్పిస్తానని వెంటనే మాటిచ్చేశాను. నాకు తొందరెక్కువ.

నాలుగు నెలలు గడిచాయి. పాప సొంతంగా వాయించేది ఒక్కటే, గబగబా సాగే నాలుగు స్వరాలు, మళ్లీ మళ్లీ. ఉన్నట్టుండి మధ్యలో ఆగి చెయ్యి పైకెత్తేది. మరిచిపోయిందనుకుని, తాళం తప్పకుండా నేనే అందుకుని ముందుకు లాక్కెళ్లేదాన్ని. అంతే, చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. ఇంత జ్ఞాపకం ఉన్న పిల్ల ఈ నాలుగు స్వరాల దగ్గర తప్పడమేమిటని నాకు ఒళ్లు మండేది.

ఎప్పుడూ పాపను దింపి మగ్గానికి పరుగెత్తే మనిషి, ఆ శనివారం కాశిబుగ్గలో కరెంటు లేదని లోపలే కూర్చున్నాడు. పాప వాయించింది, ఆగింది. నేను అందుకోబోయాను.

"జర ఆగుండ్రి మేడం!" అని లేచాడు. "ఇది మా సాంచ సప్పుడు. ఇప్పుడు పోగు తెగింది. తెగినంక సాంచ నడుస్తదా? ముడెయ్యాలె, హ్యాండిల్ గుంజాలె."

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. నాలుగు నెలలుగా నేను తెగిన పోగు మీద మగ్గం నడుపుతున్నాను.

అతను పాప పక్కన కూర్చున్నాడు. ముడి వేసేటంతసేపు ఒళ్లో వేళ్లు కదిలించాడు. తర్వాత హ్యాండిల్ గుంజినట్టు కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కాడు.

పాప కదల్లేదు. ఇక బల్ల కిందికే అనుకున్నాను. అప్పుడు తనే తండ్రి వేలు పట్టుకుని, మూడు మెట్లు ఎడమకు జరిపి, గట్టిగా నొక్కించింది. మొద్దు స్వరం. అతని ముఖంలోకి నేరుగా చూసింది, చిరాగ్గా. ఆ వెంటనే పాప వేళ్ల కింద మగ్గం మళ్లీ నడిచింది.

అతను నవ్వుతున్నాడు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"తప్పు కొట్టిన్నని కోపం జేసింది మేడం," అన్నాడు. "నా బిడ్డ నన్ను కోపం జేసింది."