మిషనక్క చూపించిన ట్రయలు

మా గేటు పక్కన నిద్రగన్నేరు చెట్టు కింద కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే ఆవిడని వీధి వీధంతా మిషనక్క అనే పిలుస్తుంది. ఎదురు వరసలో ఓ ఇంటి వెనక వాటాలో అద్దెకుంటుంది. ఆ గదికి ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడ మొహాన. లైటు వేసినా సూదిలోకి దారం ఎక్కదు. అందుకని తెల్లవారగానే మిషను బయటికి తెచ్చుకుంటుంది. ఎండ జరిగేకొద్దీ ఆవిడా జరుగుతుంది. పొద్దున మా గేటు దగ్గర, మధ్యాహ్నం చెట్టు మొదట్లో, సాయంత్రం ఎదురింటి గోడవార. ఆవిడ ఎక్కడుందో చూసి నేను పొయ్యి వెలిగించేదాన్ని.

ఆ చెట్టు మా ఆయన నాటింది. కిందటేడు ఆయన పోయాక నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. మిషనక్క కూడా మాట్లాడమని బలవంతపెట్టలేదు. గేటు అవతల మిషను టకటకలాడుతుంటే ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టుండేది, అంతే.

మెయిన్‌రోడ్డు దాటితే కొత్త కాలనీ. అక్కడ ప్రతి ఇంటి ముందూ చాప పరిచినట్టు గడ్డి, క్షవరం చేయించినట్టు గుండ్రంగా కత్తిరించిన పొదలు, రోడ్డుకి రెండువైపులా కొలబద్దల్లా నిలబెట్టిన ఈతజాతి చెట్లు, మధ్యలో ఫౌంటెను. మా వీధిలో చెట్లు పెరిగింది పెరిగినట్టే. వేళ్ళు పేవ్‌మెంటుని పైకెత్తేశాయి. ఆకులు రాలి కాలువ పూడిపోతుంది. మా వీధి సంఘం ప్రెసిడెంటుగారి బావమరిది ఆ కాలనీలోనే ఇల్లు కట్టాడు. అక్కడికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ప్రెసిడెంటుగారి కంటికి మా వీధి ఇంకాస్త మాసిపోయి కనిపించేది. చివరికి చెట్లన్నీ కొట్టించి, గడ్డి పరిపించి, ఆ ఈతమొక్కలే తెప్పిద్దామన్నారు. చాలామంది తలూపారు. ఊడ్చి ఊడ్చి నడుములు పడిపోయిన ఆడవాళ్ళు మరీ ముందు ఊపారు. వాళ్ళని ఏమనను, చీపురు పట్టేదాన్నే నేనూ.

ఎటూ పాలుపోనిది మిషనక్కకే. చెట్టు పోతే ఆవిడ పని పోయినట్టే. పోనీ వద్దని అందామన్నా, అద్దెకున్నవాళ్ళకి సంఘంలో చెయ్యెత్తే హక్కు లేదు. రెండు రోజులు తలెత్తకుండా కుట్టుకుంది. మూడోనాడు ప్రెసిడెంటుగారు చొక్కా కొలతలివ్వడానికి వచ్చినప్పుడు, టేపు ఆయన మెడ చుట్టూ ఉండగానే మాట కదిపింది.

"నాకు నీడ కావాలండీ, దాచేదేముంది. నా సంగతి వదిలెయ్యండి. మీరు కొత్త గుడ్డ ఇస్తే నేను తిన్నగా కుట్టేస్తానా? కచ్చాకుట్టు వేసి ట్రయలు చూపిస్తాను. వీధికి మాత్రం ట్రయలు వద్దా? మీటింగేదో మీ బావమరిదిగారి గడ్డి మీదే పెట్టండి. అందరికీ నచ్చితే మిషను నేనే మోసుకుపోతాను."

ఆయన భేషుగ్గా ఉందన్నారు. కళ్ళారా చూస్తే కాదనేవాడెవడని ఆయన ధీమా. ఆయన అటు వెళ్ళగానే మిషనక్క నావైపు తిరిగింది.

"తొందరపడ్డానా వదినా? నిజంగానే నచ్చేస్తే?"

నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

ఆదివారం టిఫిన్లయ్యాక అందరం బయల్దేరాం. ముందు అంతా ముచ్చటే. ఫౌంటెను చూసి మిషనక్క కూడా ఎంత బాగుందో అంది. బావమరిది ప్లాస్టిక్ కుర్చీలు వేయించి అందరికీ టీలిచ్చాడు. ప్రెసిడెంటుగారు లేచి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎండ కూడా అప్పుడే మొదలుపెట్టింది. ఒక కుర్చీ ఈతచెట్టు నీడలోకి జరిగింది. దాని వెనక ఇంకోటి. ఆ నీడ మాను వెడల్పే ఉంది. దాంతో జనం ఒకరి వెనక ఒకరు, టిక్కెట్ల కోసం నిలబడ్డట్టు, వరసగా కూర్చున్నారు. నీడ జరిగితే వరసంతా లేచి జరిగింది. ప్రెసిడెంటుగారు నెత్తిన చేతిరుమాలు వేసుకుని చెప్పుకుపోతూనే ఉన్నారు.

"నీడకి కూడా క్యూ కట్టించావా నాయనా," అంది ఎదురింటి పెద్దమ్మ. నవ్వులు లేచాయి. అయినా ఈతమొక్కలు పెద్దవైతే నీడ వస్తుందిలే అని ఎవరో అన్నారు. మిషనక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

అంతలో పెద్దమ్మే బావమరిదిని అడిగింది, మీ కారు కనబడదేం బాబూ అని. పాపం ఆయన కల్లాకపటం లేని మనిషి.

"ఇక్కడ పెడితే సీటు కాలిపోతుందండీ. రోజూ మీ వీధిలోనే, ఆ కుట్టుమిషను చెట్టు కిందే పెడతాను."

ఇంక ఎవరి నవ్వూ ఆగలేదు. పెద్దమ్మకి పొలమారింది. ప్రెసిడెంటుగారు బావమరిది వంక చూసి, తనే ఫక్కున నవ్వేశారు. మిగతాది మన చెట్ల కింద మాట్లాడుకుందాం పదండన్నారు. కుర్చీలు గొడుగుల్లా నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా మెయిన్‌రోడ్డు దాటి వచ్చాం. మా గేటు ముందు కుర్చీలు దించాక హమ్మయ్య అనని మనిషి లేడు.

చెట్లు ఉండాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. మా ఇంటి తరఫున ఎప్పుడూ మా ఆయనే ఎత్తేవారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదని తర్వాత పెద్దమ్మ చెబితేగాని నాకు తెలీదు. వెనకే వీధంతా ఎత్తింది. ప్రెసిడెంటుగారూ ఎత్తారు. ఎత్తిన చెయ్యి దించకుండానే మిషనక్క వైపు తిరిగారు.

"అక్కా, నువ్వూ ఎత్తు. ట్రయలు వేయించింది నువ్వేగా."

ఆవిడ లేచి నిలబడి ఎత్తింది. ఆ చేతికి కొలతల టేపు జెండాలా వేలాడుతోంది.

పేవ్‌మెంటు పెకలించి వేళ్ళకి చోటు వదిలి మళ్ళీ పరిచారు. కాలువకి జాలీ వేశారు. ఊడ్పు ఇంటికో రోజు వంతు, మగవాళ్ళతో సహా. మొన్న బావమరిది వచ్చి, చెట్టు కింద మొలిచిన పిల్లమొక్క తన గడ్డిలో పాతుకుంటానని అడిగాడు. మా ఆయన గునపంతో నేనే తవ్వి ఇచ్చాను. చుట్టూ చోటు బాగా వదలమని, పెరిగే పిల్లల బట్ట వదులుగానే కుట్టాలని మిషనక్క చెప్పింది.

ఆయన కారు ఇప్పటికీ ఇక్కడే పెడతాడు. మధ్యాహ్నం కారు తెచ్చి చెట్టు మొదట్లో ఆపగానే మిషనక్క కారు తలుపు మీద వేలితో కొడుతుంది.

"బాబూ, కాస్త ముందుకి తియ్యండి. నా మీదికి ఎండొస్తోంది."

ఆయన మళ్ళీ స్టార్టు చేసి ముందుకి తీస్తాడు.