పంపులు మింగిన కారు

మొన్న మా అబ్బాయి కారును హన్మకొండ సర్వీసు సెంటరులో ఇచ్చి, అద్దాల గదిలో చల్లగా కూర్చుని ఉండగా, యూనిఫారం వేసుకున్న ఒక కుర్రవాడు వచ్చి వాటర్ పంపు పోయిందని, మార్చాలని చెప్పాడు. అతను మామూలుగానే చెప్పాడు గానీ ఆ మాట వినగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా అబ్బాయి నవ్వాడు. వాడికేం తెలుసు? ఎండాకాలంలో బానెట్టు ఎత్తిన కారు పక్కన నిలబడి, దారికి రెండు వైపులా ఆశగా చూసిన నా ఈడు వాళ్లకైతే చెప్పకుండానే తెలుస్తుంది.

మాది నెక్కొండ. మా నాయిన అక్కడ పిండిగిర్ని నడిపేవాడు. ఇంట్లో మగపిల్లలు లేరు, అక్కా నేనూ. అక్క పెళ్లయి, రైల్వేలో పనిచేసే బావతో కాజీపేటకు వెళ్లిపోయింది. నేను చదువు ముగించి గిర్నిలో నాయినకు తోడుగా ఉండేదాన్ని, అదే నా మొదటి ఉద్యోగం అనుకోండి. నాయిన ఒక పాత తెల్లకారు కొని, ఊరంతా ముక్కున వేలేసుకున్నా లెక్కచేయకుండా నాకు నడపడం నేర్పించాడు. ఆ కారు మంచిచెడ్డలన్నీ వరంగల్‌లో మెకానిక్ షెడ్డు నడిపే చాచా చూసేవాడు. ఆయనా నాయినా ఒకే బడిలో చదువుకున్న దోస్తులు. రంజాన్‌కు వాళ్లింటి సేమియాలు మాకు వచ్చేవి, మా గిర్నిలో పట్టిన గోధుమపిండి వాళ్లింటికి వెళ్లేది.

అక్కకు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. రెండోసారి కడుపుతో మా ఇంటికి వచ్చినప్పుడు, హన్మకొండ డాక్టరమ్మ చూసి బిడ్డ అడ్డంగా ఉందని, నొప్పులు మొదలైతే ఏమాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని చెప్పింది. బావది వేళాపాళా లేని డ్యూటీ, క్వార్టరులో అక్కను చూసుకునే మనిషి లేదు. నెలలు నిండే ముందు అమ్మను వెంటబెట్టి, దవాఖానకు దగ్గరైన కాజీపేటకు పంపుదామని, అంతవరకూ కారు ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాము.

సరిగ్గా అప్పుడే ఆ కారు పంపులను మింగడం మొదలుపెట్టింది. ముందు ఇంజను లోపల సన్నగా గరగరమనే చప్పుడు, తర్వాత పంపు కింద నీటి చుక్కలు, ఆపైన ఒకరోజు దారి మధ్యలో భగ్గున ఆవిరి. చాచా కొత్త పంపు వేశాడు. వారాలు తిరక్కుండానే అదీ పోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ పోయింది. కడుపుతో ఉన్న బిడ్డ ఇంట్లో ఉండగా నాయినకు ఓపిక నశించి, షెడ్డులో పదిమంది ముందర నోరు జారాడు.

"దోస్తునని సూడకుండ నాకే డూప్లికేట్ మాల్ ఏస్తున్నవా?"

చాచా ముఖం నల్లబడింది. "నీ బిడ్డ నా బిడ్డ గాదా భాయ్? ఆమె కూసునే బండిల నేను డూప్లికేట్ ఏస్తనా?" అని మాత్రం అని, చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాయిన ఆ వీధి వైపే వెళ్లలేదు.

ఇంకో షెడ్డులో వేయించిన పంపూ ఎక్కువకాలం నిలవలేదు. అక్కను డాక్టరమ్మకు చూపించి తిరిగి వస్తుంటే, నడినెత్తిన ఎండలో, చుట్టూ మిర్చి చేన్లు తప్ప ఇల్లన్నది కనిపించని చోట కారు ఆగిపోయింది. చేలో పనిచేస్తున్న ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోసుకొచ్చారు. వాపెక్కిన కాళ్లతో తలుపు పట్టుకుని నిలబడిన అక్క, నాకు మాత్రమే వినబడేలా అడిగింది: "చెల్లే, నొప్పులప్పుడు గిట్లనే ఆగితే?" నేను విననట్టు రేడియేటరులో నీళ్లు పోస్తూ ఉండిపోయాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నెక్కొండలోనే మరో పంపు బిగించాక, నాయిన బండిని బయటికి తీయలేదు. పాత పంపును చేతిలో పట్టుకుని దాని ఇరుసును అటూ ఇటూ ఊపుతూ గిర్ని గడప మీద కూర్చున్నాడు. లొటలొటమంటోంది. అన్ని పంపులూ ఇలాగే బేరింగు అరిగి చచ్చాయి కదా, వేరువేరు షెడ్లలో కొన్నవన్నీ డూప్లికేట్ ఎలా అవుతాయని అడిగాను. నాయిన తల తిప్పి, బెల్టు తిరిగే గిర్ని పుల్లీ వైపు చూశాడు. పుల్లీ వంకరగా తిరిగితే ఎంత మంచి బేరింగైనా నిలవదని గిర్ని వాళ్లకు వేరే చెప్పాలా?

ఆ కారులో గాలి ఫ్యాను పంపు ముక్కుకే బిగించి ఉంటుంది. బెల్టు వదులు చేసి, ఒక చీపురుపుల్లను రేడియేటరుకు కట్టి, దాని కొస ఫ్యాను రెక్కకు ఆనీ ఆననట్టు పెట్టి, ఫ్యానును చేత్తో మెల్లగా తిప్పాము. ఒక రెక్క పుల్లను దాటిపోయింది, మరొకటీ దాటిపోయింది. ఆ తర్వాతి రెక్క పుల్లను టక్కున విరిచేసింది. అది ముందుకు వంగి ఉంది. ఆ వంకరతో ఫ్యాను ఊగినంతసేపూ పంపు బేరింగు నలుగుతూనే ఉంది. కిందటి వానాకాలంలో పొంగుతున్న వాగులోంచి, వద్దని అమ్మ మొత్తుకుంటున్నా వినకుండా నాయిన కారు దాటించాడు. ఫ్యాను మునిగేంత నీళ్లలో ఆ రెక్క వంగి ఉంటుంది. నాయిన సుత్తి అందుకున్నాడు, మళ్లీ కింద పెట్టేశాడు. వంగిన ఇనుమును కొట్టి సరిచేస్తే పగులు పడుతుంది, తిరిగేటప్పుడు ఊడి ఎగిరిపోతుంది.

మర్నాడు పొద్దున ప్యాసింజరు ఎక్కి ఇద్దరం వరంగల్ వెళ్లాము. నాయిన షెడ్డు లోపలికి అడుగుపెట్టలేదు. బయటే నిలబడి, వంగిన ఫ్యాను రెక్క సంగతి చెప్పి, "పంపులది తప్పు గాదు భాయ్. నాది," అన్నాడు. చాచా తల ఎత్తలేదు. చేతిలో పని ముగించి, స్పానర్లు సర్ది, అప్పుడు అడిగాడు.

"బేటీకి ఎన్నో నెల?"

అంతే. పాత సామాను కుప్పలో వెతికి ఒక ఫ్యాను తీసి, రెక్కలన్నీ సరిచూసుకుని, గోనెసంచిలో చుట్టి మాతోపాటే రైలెక్కాడు. మధ్యాహ్నానికి బిగించడం అయింది. ఒక చుట్టు తిప్పి చూద్దామని తాళం తీసుకునేలోగా అక్కకు నొప్పులని లోపలి నుంచి అమ్మ కేక వినబడింది. ఇంకా నెలలు నిండలేదు, ఆ గంటలో రైలూ లేదు.

నాయిన తాళం నా చేతిలో పెట్టి, అక్కను ఎత్తుకొచ్చేందుకు లోపలికి పరుగెత్తాడు. చాచాకు కళ్లలో పొరలు, దూరం చూపు ఆనదు. "నువ్వు కూసో బేటా, చప్పుడు నేను వింట," అని ఆయన నా పక్కన కూర్చుని, దారి పొడవునా తల కిటికీ బయటే పెట్టాడు. వెనుక అమ్మ ఒడిలో అక్క, నీళ్ల డబ్బా పట్టుకుని నాయిన. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి బండ్లతో దారి కిక్కిరిసిపోయింది. ఆ ఘాటుకు అక్క దగ్గుతూ మెలికలు తిరుగుతోంది. కదలని కారులో ఇంజను వేడెక్కి, నా కళ్ల ముందు వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. నాయిన తలుపు తీసుకుని దిగి, "జర జరుగుండ్రి, బిడ్డకు నొప్పులొస్తున్నయ్!" అని అరుస్తూ బండ్ల మధ్య పరుగెత్తాడు. హమాలీలు ఎడ్ల ముకుతాళ్లు పట్టి పక్కకు లాగారు. ఆపకుండా పోనియ్యి అన్నాడు చాచా. కారు కదిలి గాలి తగలగానే ముల్లు మెల్లగా వెనక్కి వచ్చింది. బండ్లు దాటాక నాయిన పరుగున వచ్చి వెనుక ఎక్కాడు.

ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. తల్లీబిడ్డా క్షేమమని నర్సు చెప్పాక, దవాఖాన ముందు చెట్టు కింద చాచా బానెట్టు ఎత్తి, పంపు కింద వేలు పెట్టి రాసి, ఆ పొడి వేలును నాయినకు చూపించాడు. నాయిన ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. గిర్ని ఉన్న చోట బట్టల దుకాణం వెలిసింది. బండి ఆగితే ఫోను చేస్తే చాలు, ఎవరో వచ్చి తీసుకుపోతారు, బాగుచేసిన చేతులెవరివో మనకు తెలియనే తెలియదు. సుఖంగానే ఉంది, కాదనను. ఎవరి మీదా నోరు జారే పని లేదు, ఎవరి గడప ముందూ నిలబడి తప్పు నాదేనని చెప్పుకునే పనీ లేదు. ఆ చెప్పుకోవడంలో నాయిన ఎంత చిన్నబోయాడో, తిరుగు రైలులో చాచా పక్కన కూర్చుని ఎంత తేలికపడ్డాడో చూసినదాన్ని కనుక, ఈ సుఖంలో నాకెందుకో ఒంటరిగా అనిపిస్తుంది.