ఇరవై నిమిషాలకు ఆగిపోయే కంప్యూటర్

శిరివెళ్ల దాటాక ఎడమవైపు కిటికీలో నల్లమల కనిపించింది. ఇంకా నిద్ర తీరనట్టు నీలంగా ఒరిగి ఉంది. లాల్ సాహెబ్ అటు చూశాడు గానీ చూపు నిలవలేదు. ఒళ్లో రెగ్జిన్ సంచి. బస్సు కుదిపినప్పుడల్లా అందులోని స్క్రూడ్రైవర్లు గలగలమంటున్నాయి. పదిహేను రోజుల్లో, ఒకే కంప్యూటర్ రిపేరుకు, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఇది మూడో ప్రయాణం.

యాభై రెండేళ్ల మనిషి. రేడియోలతో మొదలుపెట్టాడు. రేడియోలు మూగబోయాక టీవీలు నేర్చుకున్నాడు. టీవీలకు కంపెనీల వాళ్లే మెకానిక్కులను పంపడం మొదలయ్యాక, నలభై ఐదో ఏట, తన కొడుకు వయసు వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని కంప్యూటర్లు నేర్చుకున్నాడు. ఇన్నిసార్లు కొత్తగా మొదలుపెట్టిన చేతులు ఇప్పుడు అలసిపోయాయి. బేతంచెర్లలో బావమరిది నాపరాళ్ల పాలిష్ మిషన్ పెట్టాడు. వచ్చి నీడపట్టున కూర్చోమంటున్నాడు.

"ఈరోజూ అది ఆగిపోతే సంచి అటక ఎక్కిస్తా" అని పొద్దున భార్య రహమత్‌బీతో అన్నాడు. కోపంతో అని ఉంటే ఆమె పట్టించుకునేది కాదు. మెల్లగా అన్నాడు. అందుకే ఆమె టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఉమామహేశ్వరమ్మ డీటీపీ సెంటరు విగ్రహాలు చెక్కే కొట్టాల పక్కన. ఉలి చప్పుడు రోజంతా గోడలోంచి వస్తూనే ఉంటుంది. పాత ప్రాసెసర్ మరీ నెమ్మదించిందని ఆమె అడిగితే, లాల్ సాహెబే కొత్తది తెచ్చి బిగించాడు. ఆ రోజు నుంచీ కంప్యూటర్ ఇరవై నిమిషాలు పనిచేసి, దీపం ఊదినట్టు టప్పున ఆరిపోతోంది.

మొదటిసారి వచ్చి ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. విండోస్ మళ్లీ ఎక్కించాడు. రెండోసారి పవర్ సప్లై డబ్బా మార్చాడు, కరెంటు ఎగుడుదిగుళ్లేమోనని స్టెబిలైజర్ పెట్టించాడు, లోపల పేరుకున్న రాతి దుమ్మంతా బ్రష్షుతో దులిపాడు. రెండుసార్లూ బస్సు నంద్యాల చేరేలోపే ఫోను వచ్చింది.

ఇవాళ గడప తొక్కగానే ఆమె అంది: "సాబన్నా, అరగంట కింద మళ్లా పాయె. ఎనిమిది పేజీలు కొట్టింటి, అన్నీ గాల్లో కలిసె. నీ మీద కోపం గాదుగానీ, కర్నూల్లో మెకానిక్ ఉండాడే, ఆయప్పకు ఫోన్ జేసినా. రేపొస్తానన్యాడు."

"సరే మా. ఈ పొద్దు నన్ను చూడనీ."

బల్ల దగ్గర యోబు సారు కూర్చుని ఉన్నాడు. బడి పరీక్షల ప్రశ్నపత్రాల కోసం వచ్చినవాడు. "ఏం సాబూ, మా పిల్లోళ్లు నీ పేరు జెప్పి మొక్కుకుంటాండారు. ఇంకో వారం బాగుచెయ్యొద్దంట" అన్నాడు. లాల్ సాహెబ్ నవ్వబోయాడు. నవ్వు పెదాల దాకా రాలేదు.

డబ్బా పక్క రేకు విప్పి, కంప్యూటర్ ఆన్ చేసి, లోపలి వేడిని చూపే పేజీ తెరిచాడు. అంకె ఎక్కుతోంది. అరవై, డెబ్బై, తొంభై. ఆరిపోయింది. వెంటనే ప్రాసెసర్ చిప్పు నెత్తిన ఉండి దాని వేడిని లాగేసే హీట్ సింక్ మీద, ఆ అల్యూమినియం దిమ్మె మీద, వేలు పెట్టాడు. కాలుతుందనుకున్నాడు. గోరువెచ్చగా కూడా లేదు.

వేలు అక్కడే ఉండిపోయింది. కింద చిప్పు నిప్పులా కాగుతుంటే పైన దిమ్మెకు ఆ వేడి తెలియడం లేదు. రెంటి మధ్యా ఏదో అడ్డం ఉంది. ఆ ఏదో ఏమిటో, దిమ్మె విప్పకముందే అతనికి గుర్తొచ్చింది.

ప్రాసెసర్ మార్చిన ఆ రోజు శుక్రవారం. కొత్త చిప్పు అతని అరచేతిలో ఉంది. ఉమామహేశ్వరమ్మ పళ్లెం తెచ్చింది. కొత్త సామాను ఏదైనా బొట్టు పెట్టకుండా వాడదు ఆమె. గంధం మెత్తి, దాని మీద కుంకుమ అద్ది, చేతులు జోడించింది. తుడవాలని అతనికి తెలుసు. దూది చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఆమె కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఆమె పెట్టిన బొట్టును తను, లాల్ సాహెబ్, ఆమె ముందే తుడిచేయడమా? దూది సంచిలో పడేసి, ఆ బొట్టు మీదే, చిప్పు వేడిని దిమ్మెకు చేర్చే తెల్ల పేస్టు రాసి బిగించేశాడు.

ఇప్పుడు దిమ్మె విప్పితే గంధం పెంకు కట్టి ఉంది. స్పిరిటు దూదితో తుడిస్తే దూది ఎర్రబడింది.

"కుంకుమ గదా అది?" ఉమామహేశ్వరమ్మ వంగి చూసింది.

దుమ్మని చెప్పొచ్చు. పాత పేస్టని చెప్పినా సరిపోతుంది. పేరు నిలుస్తుంది. అబద్ధం కట్టడానికి కూడా ఓపిక కావాలి. అది లేదు అతనికి.

"అవు మా. ఆ పొద్దే చూస్తి. తుడవాలని తెలుసు. నీ చేత్తో పెట్టింది, నేను తుడిస్తే బాగుండదని అట్లే బిగిస్తి. తప్పు నాదే. వేరే యాడనో వెతుకుతా తిరిగితి."

ఆమె ఎర్రబడిన దూదిని చేతిలోకి తీసుకుంది.

"నోరు యాడికి పాయె సాబన్నా?" అందామె. "ఈడ పెట్టొద్దు మా, డబ్బాకు పెట్టుకోపో అంటే నేను కాదంటానా? నన్ను అంత తెలివిలేనిదాన్ని జేస్తివే."

యోబు సారు మీసం దువ్వుకున్నాడు. "మీ ఇద్దరి మర్యాదకు పదైదు దినాలు మా బడి పరీక్షలు ఆగిపాయె."

ఆమె సారు వైపు కొరకొరా చూసి, అంతలోనే నవ్వేసింది.

లాల్ సాహెబ్ పలచగా పేస్టు రాసి బిగించాడు. ఆన్ చేశాడు. ముగ్గురూ గోడ గడియారం వైపు చూశారు. ఇరవై నిమిషాలు అయింది. అంకె యాభై దగ్గర కదలకుండా కూర్చుంది. దిమ్మె చేతికి వెచ్చగా తగిలింది, జ్వరం దిగుతున్న బిడ్డ నుదురులా. గంట గడిచింది. ఉమామహేశ్వరమ్మ నాలుగో ప్రశ్నపత్రం కొడుతూ, తల తిప్పకుండానే ఫోను అందుకుంది.

"కర్నూలా? ఆయప్పకు రావొద్దని చెప్పండి. మా సాబన్న చేసినాడు."

ఫోను పెట్టేశాక లాల్ సాహెబ్‌తో అంది: "ఇంకోతూరి నోరుండే మనిషిగా రా."

తిరుగు బస్సులో అతను శిరివెళ్లకు ముందే నిద్రపోయాడు. గెలిచినట్టు ఏమీ లేదు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, అంతే. ఇంటికి చేరేసరికి రహమత్‌బీ గుమ్మంలో ఉంది. అతని ముఖం చూడలేదు, సంచి వైపే చూసింది.

లాల్ సాహెబ్ సంచిని తలుపు పక్క మేకుకు, ఎప్పటి మేకుకే, తగిలించాడు. ఆమె లోపలికెళ్లి కాళ్లకు వేడినీళ్లు పెట్టింది.