తొలి నీళ్లు, రాగి బిందె

బాలింకాలిగ్ ఊళ్లో మేం కొన్న ఇల్లు పాతది. కొనేముందు గోడలు తట్టి చూశాం, కప్పు చూశాం, వంటింట్లో సామాన్ల అలమరలు, ఇక్కడి మాటలో ప్రెస్సులు, ఎన్నున్నాయో లెక్కపెట్టుకున్నాం. నీళ్ల గొట్టాలు చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఒంగోల్లో పెరిగిన మనిషిని, పంపు తిప్పగానే నీళ్లు రావడమే నాకు పెద్ద వైభోగం.

అక్కడ మా ఇంటికి పంపు రెండు రోజులకోసారి వచ్చేది, అదీ ఒక గంట. అమ్మ ఒక్క చుక్క నేలపాలు కానిచ్చేది కాదు. ఆ చాదస్తం నాతోపాటు విమానమెక్కి వచ్చేసింది. ఏడాది పొడుగునా వాన కురిసే ఈ దేశంలో కూడా, నా కూతురు పళ్లు తోముకుంటూ పంపు వదిలేస్తే ఇల్లు దద్దరిల్లేలా అరిచేదాన్ని. పొద్దున పంపులోంచి వచ్చే తొలి నీళ్లు చుక్క పోకుండా గిన్నెలో పట్టి, కాచి, చల్లార్చి, రాగిలో నిలవున్న నీళ్లు ఒంటికి మంచివన్న అమ్మ మాట మీద, అమ్మ ఇచ్చిన రాగి బిందెలో పోసేదాన్ని. మర్నాడు పరగడుపున అందులోంచి నాకో గ్లాసు, అమ్మాయికో గ్లాసు. తాగి తీరాల్సిందే. మా ఆయన డ్యూటీ దూరాన కాజిల్‌బార్ ఊళ్లో, వారాంతాల్లోనే ఇంటికొస్తారు, కాబట్టి ఆ శిక్ష చాలావరకు తప్పించుకున్నారు.

ఒకరోజు సింకు కింద తడి కనబడితే ప్లంబర్‌ని పిలిచాను. అరవై దాటిన పెద్దమనిషి, నవ్వుమొహం. మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, జేబులోంచి తాళంచెవి తీసి గొట్టాన్ని గీకాడు. బూడిదరంగు కింద తెల్లగా మెరిసింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"సీసం. వీధిలోంచి ఈ సింకు దాకా ఇదే గొట్టం. పొద్దున కాసేపు నీళ్లు వదిలేశాకే తాగుతున్నారు కదా?"

"వదిలెయ్యడం ఎందుకు?"

"రాత్రంతా గొట్టంలో నిలవుండే నీళ్లలోకే సీసం ఎక్కువ దిగుతుంది."

"నేను కాచి తాగుతాను."

"కాచితే క్రిములు చస్తాయి. సీసం ఎక్కడికీ పోదు."

నేను నర్సుని. కొత్తగా చేరినవాళ్లకి చేతులెలా కడుక్కోవాలో నేర్పే మనిషిని. ఆ చిన్న ముక్క నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. వంటకి నీళ్లు పట్టుకునే వేళకి గొట్టంలో నిలవున్నవన్నీ వచ్చేసి, మంచి నీళ్లు మొదలయ్యేవి. చెడ్డవన్నీ ఏరి ఏరి బిందెలోకి చేర్చింది నేనే. పొయ్యి పక్కన ఆ బిందె తళతళలాడుతోంది. చింతపండు పెట్టి తోమింది కూడా నేనే.

ప్లంబర్ బల్లమీద రెండు గొట్టం ముక్కలు పెట్టాడు, రాగిదొకటి, ప్లాస్టిక్‌దొకటి. వీధి నుంచి ఇంటి దాకా మట్టిలో వేసేది నీలం ప్లాస్టిక్ గొట్టమే, అందులో ఆలోచించడానికేం లేదన్నాడు. ఇంటి లోపలే రెండు దారులు. రాగిది గట్టిది, తరం గడిచినా ఉంటుంది, ఎలుక కొరకలేదు. కానీ మలుపు మలుపుకీ కోసి, టంకం వేసి అతకాలి. గడ్డకట్టే చలికి పగలొచ్చు. ప్లాస్టిక్‌ది వంగుతుంది, నేల చెక్కల కింద ఒకే ముక్కగా పోతుంది, అతుకులు తక్కువ, చలిని కాస్త ఓర్చుకుంటుంది. ఎలుకలున్న ఇంట్లో మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

"నా ఇల్లయితే ప్లాస్టిక్కే వేసుకుంటాను," అన్నాడు.

"రాగే వెయ్యండి," అన్నాను. ఆలోచించను కూడా లేదు. అమ్మ మాటలో గాని, అమ్మ బిందెలో గాని తప్పు లేదని ఎలాగైనా నిలబెట్టాలని నా పంతం. ఇల్లంతా రాగి వేస్తే నేనే నెగ్గినట్టు. ఎవరి మీద అని మాత్రం అడగొద్దు.

మా జీపీ డాక్టరు దగ్గరికి వెళ్లి అమ్మాయీ నేనూ రక్తం ఇచ్చి వచ్చాం. ఫలితం రావడానికి రోజులు పట్టింది. అమ్మాయికి ఏడేళ్లు. లెక్క తప్పు చేస్తే ఆ నీళ్లవల్లేనా అనుకునేదాన్ని. షూస్ ఎక్కడ విడిచిందో మరిచిపోతే మళ్లీ అదే అనుమానం. అంతకుముందు అవే తప్పులకి చెడామడా తిట్టేదాన్ని. ఆదివారం చర్చిలో ఒక ఆంటీ ఎలా ఉన్నావమ్మా అంటే ఇక్కడివాళ్లలాగే గ్రాండ్, బాగానే ఉన్నానని చెప్పి తప్పుకున్నాను.

జీపీ ఫోన్ చేశారు. నా రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. కంగారు పడక్కర్లేదు, గొట్టం మార్పించి మళ్లీ పరీక్షకి రమ్మన్నారు. అమ్మాయిది మాత్రం చెప్పుకోదగ్గదేమీ లేదన్నారు. ఇద్దరం తాగింది ఒకే బిందెలోవి. పేర్లు తారుమారయ్యాయేమో చూడమని బతిమాలాను. లేదు, సరిగ్గానే ఉన్నాయన్నారు.

బడి నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"తల్లీ, బిందెలో నీళ్లు రోజూ తాగుతున్నావు కదా?"

అది నావైపు చూడలేదు. పంపువైపు చూసింది. "విల్ యూ బీ క్రాస్?"

"కోప్పడను, చెప్పు."

"ఐ పోర్ ఇట్ డౌన్ ద సింక్ వెన్ యూ గో అప్‌స్టెయిర్స్. ఇట్ టేస్ట్స్ లైక్ కాయిన్స్, అమ్మా."

"ఎప్పటినుంచి?"

"ఆల్వేస్."

చెబుతూనే ఏడుపు మొదలుపెట్టింది. నీళ్లు పారబోసినందుకు కొడతానేమోనన్నంత భయం. దాన్ని ఒళ్లోకి లాక్కుని నేనూ ఏడ్చాను. ఎంత సంతోషమో అంత సిగ్గు. మాట వినే పిల్లని పెంచుతున్నానని ఇన్నాళ్లూ మురిసిపోయాను. నా మాట విని ఉంటే ఏమయ్యేది?

మర్నాడు ప్లంబర్‌కి ఫోన్ చేసి ప్లాస్టిక్కే వెయ్యమన్నాను. గ్రాండ్ అన్నాడు, ఎందుకని అడగలేదు.

ఆయన రావడానికి ఇంకో వారం ఉంది. అప్పటిదాకా రోజూ పొద్దున్నే పంపు తిప్పి నీళ్లు వదిలెయ్యాలి. ఆ పని అమ్మాయికే అప్పగించాను. మొదటిరోజు కుర్చీ ఎక్కి పంపు తిప్పింది. ధార సింకులోకి పోతోంది. నేను వెనకే ఉన్నానని గుర్తొచ్చి, మెడ భుజాల్లోకి ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఇంకా పోనీ తల్లీ," అన్నాను.