మధ్యాహ్నం రెండింటి నీళ్ళు

కరోనా తర్వాత సరిహద్దులు మళ్ళీ తెరిచాక వచ్చిన మొదటి వేసవిలో నేను టౌరంగాలో ఒక ప్రైవేటు నీటి పరీక్షల ల్యాబులో అనలిస్టుగా ఉన్నాను. డునెడిన్‌లో కెమిస్ట్రీ చదివాక దొరికిన తొలి ఉద్యోగం అది. గత ఏడాది ఆ వృత్తి వదిలేసి ఆక్లాండ్ శివార్లలో, టకానిని దగ్గర ఒక లైబ్రరీలో చేరాను. ల్యాబులో ఏం చేసేదానివని ఇక్కడ అప్పుడప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. నోటితో సరిగ్గా చెప్పలేను. అందుకే డైరీలు ముందు పెట్టుకుని ఒక్క సంగతి రాస్తున్నాను.

మా ల్యాబులో మూడు మెట్లు ఉండేవి. టెక్నీషియన్ సీసాలు అందుకుని నంబర్లు వేస్తాడు. అనలిస్టు పరీక్ష చేస్తుంది. ఫలితాన్ని సరిచూసి సంతకం పెట్టేది సిగ్నటరీ. మా సిగ్నటరీ మార్గరెట్, ఆ పనిలోనే తల నెరిసిన మనిషి. ఆమె నియమం ఒకటే: సీసాలో ఏముందో చెప్పాలి, సీసా బయట ఏం జరిగిందో ఊహించకూడదు.

ఊరి బయటి ఒక చేపల ఫారం నుంచి వారానికొక సీసా వచ్చేది. అక్కడ ఆరుబయట తొట్లలో వైట్‌బెయిట్ పెంచేవారు. వేలెడంత సన్న చేపలు, ఇక్కడివాళ్ళు గుడ్డుసొనలో కలిపి అట్టులా వేసుకుంటారు. ఆ నీళ్ళలో మొత్తం అమ్మోనియా ఎంతో, పీహెచ్ ఎంతో చూసేదాన్ని. ప్రతిసారీ హద్దులోనే ఉండేవి.

ఫిబ్రవరిలో, అంటే ఇక్కడి నడివేసవిలో, ఒక రోజు నాకు ఫోన్ వచ్చింది.

“రిపోర్టు కింద టెస్టు చేసినవాళ్ళ దగ్గర మీ పేరు చూశానండీ. మనవాళ్ళే అనిపించి చేశాను. నా పేరు సుధాకర్. ఫారంలో మధ్యాహ్నం షిఫ్టు నాది.”

చెప్పండి అన్నాను.

“చేపలు నా షిఫ్టులోనే చస్తున్నాయండీ. పొద్దున ఓనరు ఉన్నంతసేపూ బానే ఈదుతాయి. నేను భోంచేసి వచ్చేసరికి తిరగబడి తేలతాయి. నా మొహం చూసి చస్తున్నాయనుకోవాలా?”

ఆయనది పాలకొల్లు. ఆక్లాండ్‌లో బిజినెస్ కోర్సు చదివి, పని దొరక్క ఇటు వచ్చాడు. చెరువుల ప్రాంతం వాడంటే చేపల సంగతి తెలిసే ఉంటుందని ఓనరు గ్లెన్ పనిలో పెట్టుకున్నాడు.

“మా వీధిలో చెరువు లేనిది మాకొక్కళ్ళకే అండీ. మా నాన్నగారు టైలరు. ఇంటర్వ్యూలో చెప్పబోయాను, ఆయన వినిపించుకోలేదు. నేనూ మరీ గట్టిగా చెప్పలేదనుకోండి.”

తర్వాత గొంతు మారింది. మా రిపోర్టు నీళ్ళు బాగున్నాయంటోంది కాబట్టి తప్పు మనిషిదేనని గ్లెన్ తేల్చాడు. రాతపూర్వకంగా ఒక హెచ్చరిక ఇచ్చాడు. రెండోది వస్తే ఉద్యోగం పోతుంది. వీసా ఆ ఉద్యోగానికే కట్టేసి ఉంది. అంటే నేను నెలల తరబడి వేసిన అంకెలే ఆయన మీద సాక్ష్యంగా నిలబడ్డాయి.

సీసా ఎప్పుడు నింపుతారని అడిగాను.

“పొద్దున్నేనండీ, ఓనరే నింపుతాడు. కొరియర్ వ్యాను పొద్దున్నే కదా వచ్చేది.”

నీళ్ళు పచ్చగా ఉంటాయా అన్నాను.

“గోంగూర ఉడకేసినట్టుంటాయండీ.”

ఇక్కడ కాస్త కెమిస్ట్రీ చెప్పక తప్పదు. చేపల విసర్జనల వల్ల నీటిలో చేరే అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకున్నది అమ్మోనియం. చేపకు దానితో పెద్ద హాని లేదు. ఏదీ పట్టుకోని ఒంటరి అమ్మోనియా మొప్పల గుండా లోపలికి పోయి చంపుతుంది. ఈ రెండూ ఒకటి ఇంకొకటిగా మారుతూ ఒక నిష్పత్తి దగ్గర నిలకడకొస్తాయి. ఆ నిష్పత్తిని లెక్కగట్టడానికి సమతాస్థితి స్థిరాంకం అనే, పట్టికల్లో దొరికే ఒక అంకె కావాలి. దాన్ని హైడ్రోజన్ అయాన్ గాఢతతో భాగిస్తే, అమ్మోనియంతో పోలిస్తే అమ్మోనియా ఎన్నో వంతో తెలుస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగిందంటే హైడ్రోజన్ అయాన్లు పదో వంతుకు పడిపోయినట్టు. అప్పుడు ఆ నిష్పత్తి పది రెట్లవుతుంది. మా పరీక్ష రెండు రూపాలనూ కలిపి ఒకే అంకెగా చెబుతుంది.

నీళ్ళను పచ్చగా చేసేది నాచు. ఎండలో అది నీటిలోని కార్బన్ డయాక్సైడును తినేస్తుంది. ఆ వాయువు నీటిని కాస్త ఆమ్లంగా ఉంచేది. అది తగ్గేకొద్దీ మధ్యాహ్నానికి పీహెచ్ ఎక్కుతుంది. మేం చూసిన సీసాలన్నీ పొద్దుటివి.

మార్గరెట్‌తో చెప్పాను. ఊహ మీద ఎవరికీ ఏమీ రాయలేమంది. ఓనరు ఒప్పుకుంటే మాత్రం వెళ్ళి కొలవడంలో తప్పులేదంది. ఒప్పించే పని నాకే వదిలేసింది. చెప్పాల్సిన మాటలన్నీ డైరీలో వరసగా రాసుకుని గ్లెన్‌కి ఫోన్ చేశాను. ఆయన హలో అనగానే కంగారులో చివరి వాక్యం ముందు చదివాను. ఎలా అర్థమైందో, రమ్మన్నాడు. సుధాకర్ మీద అనుమానం రాకుండా రెండు పూటలా సీసా మీరే నింపాలని అడిగితే దానికీ సరేనన్నాడు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. పొద్దున్నే ఒక తొట్టిలో మీటరు ముంచితే పీహెచ్ ఏడు పాయింటు రెండు. మధ్యాహ్నం రెండింటికి అదే తొట్టిలో ఎనిమిదిన్నర. నీళ్ళూ వేడెక్కాయి. వేడికి స్థిరాంకం కూడా కొంత పెరుగుతుంది. దాని పట్టిక వెంట తీసుకెళ్ళాను. ఖాళీ మేత సంచి వెనక లెక్క వేశాను. పొద్దున మొత్తం అమ్మోనియాలో రెండు వందల వంతుల్లో ఒక్కటే విషం. మధ్యాహ్నానికి ఎనిమిది వంతుల్లో ఒకటి. మేం అక్కడ నిలబడి ఉండగానే రెండు చేపలు పక్కకి ఒరిగాయి.

మధ్యలో నీళ్ళలో ఎవరైనా ఏమైనా కలిపారా అని గ్లెన్ అడిగాడు. చూపు సుధాకర్ మీదే ఉంది. ఎవరూ ఏమీ కలపలేదు, ఎండ తప్ప ఏమీ మారలేదన్నాను. ఆయన ముఖంలో మార్పు లేదు.

సుధాకర్ తెలుగులో మెల్లిగా అన్నాడు. “ఇంకాస్త గట్టిగా మేడమ్. ఆయనకి మీరున్న వైపు చెవి సరిగ్గా వినపడదు.”

రెండోసారి నేను గట్టిగా చెప్పాను. అంత గొంతు నాకుందని అప్పటిదాకా తెలియదు. ఏ షిఫ్టులో ఎవరున్నా ఈ తొట్లలో మధ్యాహ్నం చేపలు చస్తాయని, అందులో పనివాడి తప్పు లేదని చెప్పాను. మరి ఇన్నాళ్ళూ మీ ల్యాబు ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు. మీరు పంపింది పొద్దుటి నీళ్ళే అన్నాను. గ్లెన్ ఆ మేత సంచిని మడిచి చంకలో పెట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

రెండు సీసాలనూ ల్యాబులో పరీక్షించాను. మొత్తం అమ్మోనియా రెంటిలోనూ దాదాపు ఒకటే. మార్గరెట్ లెక్కంతా తను మళ్ళీ మొదటి నుంచీ వేసి చూసి సంతకం పెట్టింది.

గ్లెన్ తొట్ల మీద నీడకు వలలు కట్టించాడు. మేత తగ్గించి, కొత్త నీళ్ళు ఎక్కువగా వదిలాడు. చావులు తగ్గాయి. కొన్ని వారాలకి హెచ్చరిక వెనక్కి తీసుకున్నాడు, సారీ మాత్రం చెప్పలేదట. ఇక్కడే స్థిరపడేందుకు రెసిడెన్సీ వచ్చాక సుధాకర్ ఆక్లాండ్‌లో బస్సు నడపడానికి వెళ్ళిపోయాడు. చేపల వాసన లేని ఏ పనైనా ఫరవాలేదన్నాడు.

మా రిపోర్టుల్లో ఒక్క అంకె కూడా తప్పు కాదు. హద్దులో ఉన్నాయన్న మాట పొద్దుటి నీళ్ళకి నిజమే. చదివినవాళ్ళు దాన్ని రోజంతటికీ వర్తింపజేశారు, అలా చేయకూడదని మేం చెప్పలేదు. ఆ తర్వాత చేపల ఫారాలన్నింటికీ మధ్యాహ్నం సీసా కూడా కావాలని, పీహెచ్, వేడి అక్కడికక్కడే కొలవాలని మార్గరెట్ నియమం పెట్టింది. నా మటుకు నేను నేర్చుకున్నది ఇది: ఎవరైనా ఒక అంకె చూపించి మనిషి మీద తీర్పు చెబితే, ఆ నీళ్ళు ఎప్పుడు ముంచారని అడుగుతాను. వినపడేలా అడుగుతాను.