బంతి ఏడున్నదో చెప్పుర్రి

కొత్త టీవీని అట్టపెట్టెలోంచి తీసినప్పుడు లేచిన ప్లాస్టిక్ వాసన మా నడిమింట్లోంచి ఇంకా పోనే లేదు. సగం గోడను మింగిన ఆ పలకను చూపించి మా మనుమడు "ఇగ నీకు బంతి కనబడుతది తాతా, గడ్డిపోచ సుత కనబడుతది" అని మురిసిపోయిండు. గడ్డి కనబడుతున్నది, అబద్ధమెందుకు. మోతిబిందు కమ్మిన నా కండ్లకు పచ్చటి గడ్డి, దాని మీద తెల్లగా ఎర్రగా ఉరికే మనుషుల మరకలు కనబడుతున్నయి. బంతి ఒక్కటే కనబడదు. అందుకని చెవులు అటేసి కూర్చుంట. టీవీలో ఫుట్‌బాల్ ఆట మీద మాట్లాడే ఆ ఇద్దరూ ఏం చెప్తరు? ఒకడు ఆటగాని జుట్టు గురించి చెప్తడు, ఇంకొకడు వాని కొత్త బూట్ల గురించి చెప్తడు, ఇద్దరూ కలిసి నవ్వుతరు, అంతలో మైదానమంతా ఒక్కసారి హోరుమంటది, ఏమైందో నాకు తెల్వదు. బొమ్మ చూపించేటోళ్లు అంతకంటె ఘనులు. ఆట నడుస్తుంటే ఆట చూపరు. బయట నిలబడి ఏదో నములుతున్న కోచ్‌ను చూపిస్తరు, చెంపలకు రంగు పూసుకున్న పడుచుపిల్లను చూపిస్తరు, అయిపోయిన తన్నునే మెల్లగా తిప్పి తిప్పి చూపిస్తరు. పైగా ఇంకా మంచి బొమ్మ, ఇంకా ఎక్కువ కెమెరాలు అని గొప్పలు. నేనొప్పుకోను. ఆటను అందుకోలేని మనిషికి ఆటను ఎట్ల అందియ్యాలెనో మా ఊరు ఎల్లారెడ్డికి కరెంటు తీగ రాని కాలంలోనే నేను నేర్చుకున్న. నేర్పింది కండ్లు లేని మనిషి.

ఆయన మా నర్సింలు కాక, మా బాపుకు చిన్న తమ్ముడు. కామారెడ్డి బెల్లం మండీలో పనికి కుదిరి, పొద్దంతా బెల్లం ముద్దలు మోసి, పొద్దుగూకే యాళ్లకు రైలు స్టేషన్ అవతలి మైదానంలో ఉత్త కాళ్లతో కామారెడ్డి జట్టుకు ఫుట్‌బాల్ ఆడేటోడు. పండుగకు ఇంటికి వస్తే ఆయన అంగీ నిండా బెల్లం పాకం వాసన, కాలివేళ్ల సందుల్లో ఎండిన మట్టి, చేతిలో మోదుగాకుల్లో చుట్టిన మెత్తటి బెల్లం. ఒక ఎండకాలం ఆయనకు తల్లి పోసింది, అదే మశూచి. పానం దక్కింది, చూపు దక్కలేదు. బండిలో పండబెట్టి ఇంటికి తెచ్చిండ్రు. అప్పటి నుంచి కాక మా ఇంటి అరుగు మీదనే, పెద్ద బజారుకు చెవి ఒగ్గి కూర్చునేటోడు. పెండ్లి వద్దన్నడు, పూజలు వద్దన్నడు, ఎవరొచ్చి కూర్చున్నా ఒకటే మాట అడిగేటోడు, కామారెడ్డోళ్లు ఎట్లాడుతున్నరని.

మాకు ఫుట్‌బాల్ అంటే ఒక రుతువు. వానలు ఎనుకపట్టి, మక్కకంకులు నిప్పుల మీద చిటపటలాడే దినాలు దాటి, ఆడపిల్లలు తంగేడుపువ్వు కోసం చెల్కల పొంట తిరిగే కాలం వచ్చేసరికి తాసీలు కచేరి ఎదురుగ ఉన్న మైదానం గట్టిపడేది. ఇంట్లో బతుకమ్మకు కొట్టిన సత్తుపిండి వాసన, దూలం మీద గడ్డిలో మాగబెట్టిన సీతాఫలాల వాసన, మా పక్కింటి పడుచోళ్లు తోలు బంతికి రాస్తున్న ఆముదం వాసన, మూడూ ఒక్కటై మా వాడంతా తిరిగేవి. ఆ బంతికి చెప్పులు కుట్టే ఎల్లయ్య తాత కుట్లేసేది, సైకిల్ పంపుతో గాలి కొట్టేది. ఒక్క వాన పడితే చాలు, తడిసిన గుమ్మడికాయ లెక్క బరువెక్కేది. దాన్ని ముందుగాల్ల మా కాక చేతికిచ్చేటోళ్లు. ఆయన ఏలు మడిచి రెండు దెబ్బలు కొట్టి, చెవి కాడ పెట్టుకొని "ఇంకింత గాలి పట్టుర్రి, ఆకలి మీదున్నది" అనేటోడు.

ఒక దసరాకు కామారెడ్డి జట్టు మా ఊరికి వచ్చి ఆడిపోయింది. కాకను ఎవరూ తీసుకపోలేదు, గుంపులో తొక్కుకుంటరని. పొద్దుగూకినాక ఆయన దోస్తులు అరుగు మీదికి వచ్చి "మీ కామారెడ్డోళ్లే గెలిచిండ్రు నర్సన్నా, ఇరగదీసిండ్రు" అని ఒకరి మీద ఒకరు చెప్పిండ్రు. ఆ పూట కాక ఇంకో జొన్నరొట్టె అడిగి ఏయించుకున్నడు. పక్కనే తింటున్న నేను, అప్పటికి గోచిపాత ఊడిపోకుండ కట్టుకునుడు కొత్తగా నేర్చినోన్ని, ఉన్నమాట అనేసిన.

"ఏడ గెలిచిండ్రు కాకా, ఏడ్సుకుంట మోటరెక్కిండ్రు గద!"

కాక చేతిలో రొట్టె ముక్క అట్లనే ఆగింది. కాకను కన్నతల్లి, మా అవ్వ, నా నెత్తి మీద ఒక్కటి ఏసింది.

"గుడ్డోనికి గంజి పోసినట్టు నాకు గెలుపు పోసిండ్రానే అవ్వా?" అన్నడు కాక.

"నువ్వు బాధపడ్తవని చెప్పిండ్రేమో బిడ్డా..."

"బాధ నాది. దాన్ని సుత గుంజుకపోతరా?"

ఆ రాత్రి నుంచి ఆయన కోరిక ఒక్కటే. మళ్ల ఆట పడితే మైదానంలో కూర్చొని, ఆట అవుతుండంగనే, ఉన్నదున్నట్టు తనకు తెలియాలె. గెలిచినా ఓడినా తనకంటె ముందు ఇంకొకరు తెలుసుకొని, దాన్ని జాలితో కడిగి తనకు తెచ్చియ్యొద్దు. దానికి నన్ను ఎంచుకున్నడు, నిజం దాసిపెట్టే తెలివి నాకు ఇంకా రాలేదని.

ఆ ఏడాదంతా కళ్లంలో పోరగాండ్లు గుడ్డబంతి ఆడుతుంటే ఆయన గడ్డివాముకు ఒరిగి కూర్చునేది, నేను పక్కన నిలబడి చెప్పేది. మొదట్ల నాకు తిట్లే. "అబ్బో!" అంటే, "అబ్బో ఏ దిక్కుకు పోయిందిరా?" అనేటోడు. "సాయిలు కొట్టిండు కాకా" అంటే "ఏడికి? ఆకాశానికా?" అని మీదికొచ్చేటోడు. ఒకడు ఎర్రంగీ ఏసుకున్నడని చెప్పినందుకు "అంగీని వండుకొని తింటనారా? బంతి ఏడున్నదో చెప్పు" అని చిన్న కట్టె పుల్ల నా మీదికి ఇసిరిండు. ఎడమ, కుడి అనొద్దన్నడు. ఎవని ఎడమ, ఎవని కుడి అని. మైదానానికి దిక్కులు పెట్టిండు. ఒక కొస కచేరి, ఇంకో కొస వరిమడులు, ఒక పక్క బాట, ఇంకో పక్క గోడ. ముందు బంతి ఏ దిక్కున్నదో చెప్పాలె, తర్వాత ఎవని కాలి కాడున్నదో చెప్పాలె, ఆ తర్వాత ఊపిరి మిగిలితే మిగతా ముచ్చట. బడి మొఖం సరిగ్గా చూడని నాకు, తర్వాత పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్న నాకు, మొదటి పంతులు ఆయనే.

మళ్ల దసరా వచ్చింది. పండుగ తెల్లారి కామారెడ్డి జట్టు బొగ్గుతో నడిచే మోటరులో, మొఖాలన్నీ మసి పూసుకొని దిగింది. కచేరి దిక్కు షామియానా ఏసి, కుర్చీలేసి, అధికార్లు, వాళ్ల చుట్టాలు కూర్చున్నరు. అవ్వ సద్దిమూటతో, కాక నా బుజం పట్టుకొని, ముగ్గురం వరిమడుల దిక్కు గోలు ఎనుక గట్టు మీద కూర్చున్నం. ఆట మొదలైంది, నేను మొదలుపెట్టిన. "బాట దిక్కు, మన ఊరోని కాడ... నడిమికి తన్నిండు... కామారెడ్డోడు అందుకున్నడు... గోడ దిక్కు పోతున్నడు..." కాక తల ఊపుకుంట వింటున్నడు, ఆయన కాళ్లు ఉన్న కాడనే కదులుతున్నయి. కొద్దిసేపటికి చూస్తే బండ్లు తోలుకొచ్చినోళ్లు, చూపు ఆనని ముసలోళ్లు, గుంపు ఎనుక నుంచి ఏమీ కనబడని ఆడోళ్లు మా చుట్టే చేరిండ్రు. "ఇంకింత గట్టిగ చెప్పు పోరడా" అన్నది ఒకామె. నేను గొంతు లేపిన.

అదే తప్పయింది. షామియానా కింది పెద్దమనిషెవరికో నా అరుపు చెవుల్లో గుచ్చుకున్నది. సగం ఆట అయినాక విరామం ఇచ్చినప్పుడు కచేరి చప్రాసి వచ్చిండు.

"ఖామోష్! సాబ్‌కు పరేషాన్ అయితున్నది. నోరు బందు."

"సాబ్‌కు కండ్లున్నయి గద," అన్నడు కాక, "చెవులు మూసుకొని చూడుమను."

"మళ్ల నోరు లేస్తే ఇద్దర్నీ బయటికి గుంజుత!"

చుట్టూ ఉన్నోళ్లు మెల్లగా జరిగిండ్రు. అవ్వ "పోదాం పా బిడ్డా, వాళ్లతోని మనకేంది" అని సద్దిమూట చేతికి తీసుకున్నది. అవతల సీటీ ఊదిండ్రు, ఆట మళ్ల లేచింది. కాక లేవలేదు. అంగీ బొత్తాలు ఒక్కొక్కటే ఇప్పి, అంగీని మడిచి తొడ కింద పెట్టుకొని, మిట్టమధ్యాన్నపు ఎండలో ఉత్త వీపుతో నా ముందుకు జరిగి కూర్చున్నడు.

"మెడ కచేరి. నడుము వరిమడులు. కుడి రెక్క బాట, ఎడమ రెక్క గోడ. నీ ఏలు బంతి. నడిపియ్యి."

నేను నడిపిచ్చిన. చెమటకు ఏలు జారింది, గట్టుమట్టి అద్దుకొని మళ్ల పెట్టిన. తల్లి పోసిన మచ్చల మీది నుంచి బంతి ఉరికింది, రెక్కల నడుమ తిరిగింది, మెడ కాడికి పోయి ఎనుకకు మళ్లింది. బంతిని ఎవడన్న గట్టిగా తంతే గోరుతోని గీకిన, గాలిలోకి లేస్తే ఏలు ఎత్తి దిగిన కాడ పొడిచిన. మా చప్పుడు లేకపోయేసరికి చప్రాసికి అనుమానమొచ్చి మళ్ల వచ్చిండు.

"ఏం జేస్తుండ్రు?"

"వీపు గోకుతుండు," అన్నడు కాక తల తిప్పకుండనే. "గోకుడు మీద సుత హుకుం ఉన్నదా?"

ఎనుక నుంచి ఆడోళ్లు కిసకిస నవ్విండ్రు. చప్రాసి షామియానా దిక్కు తిరిగిపోయిండు.

ఒక్క గోలు సుత పడకుండ ఆట ముగిసే యాళ్లకు మా ఎల్లారెడ్డి పిల్లగాడొకడు బంతిని కచేరి దిక్కు నుంచి పట్టుకొచ్చిండు. కామారెడ్డోళ్లు కాస్తున్నది మా ముందటి గోలు. నా ఏలు ఎన్నుపూస పొంటి దిగుతున్నది, ఇద్దర్ని తప్పించింది, కాక ఒళ్లు బిగుసుకున్నది. ఇంకొక్కన్ని దాటితే అయిపాయె. కాక జట్టు ఓడుతదని నా ఏలు తడబడి ఆగింది.

"ఆపకు," అన్నడు కాక. "తీస్కరా."

తెచ్చిన. ధోతి ముడి కాడ గుచ్చిన.

"పాయె!" అన్నడు కాక. ఆ మాట, ఊరోళ్ల హోరు, రెండూ ఒక్క క్షణంలోనే లేచినయి.

ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి, గోలు కొట్టిన పిల్లగాని దిక్కు చప్పట్లు కొట్టిండు. తర్వాత నన్ను దేవులాడి పట్టుకొని ఎగరేసిండు. "ఓడినంరా! సక్కగ ఓడినం!"

"ఓడితే గింత సంబురమేందిరా నీకు?" అన్నది అవ్వ, కొంగుతో ఆయన వీపు మీది మట్టి తుడుచుకుంట.

కాక పోయి శానేండ్లయింది. అవ్వ అంతకు ముందే పోయింది. ఆ మైదానంలో సగానికి ఇప్పుడు ఇండ్లు లేచినయి, మిగిలిన సగంలో ఆటోలు నిలబెడుతున్నరు. ఆముదం వాసన వచ్చే బంతి లేదు, దూలం మీద సీతాఫలాలు మాగబెట్టే ఇండ్లు లేవు, ఆట చూడలేనోని కోసం గొంతు తడారేదాక చెప్పేటోళ్లు అసలే లేరు. టీవీ వాళ్లకు నేను చెప్పేది కష్టమైన పని కాదు. బంతి కదులుతున్నంతసేపు బంతినే చూపియ్యాలె, అది ఏ దిక్కున్నదో, ఎవని కాలి కాడున్నదో నోటితో చెప్పాలె. కోచ్ మొఖం, పిల్ల చెంపలు, తిరగేసిన తన్నులు బంతి ఆగినప్పుడు ఎన్నైనా చూపెట్టుకొండి, ఎవరొద్దన్నరు? కండ్లు సరిగ్గా లేనోళ్లు మీ ముందట లక్షలమంది కూర్చున్నరు. వాళ్లు జాలి అడుగుతలేరు, ఆట అడుగుతున్నరు.

మొన్న ఒక గోలు నాకు దక్కలేదు. గ్యాలరీలో ఎవరో టోపీ ఊపుతుంటే దాన్ని చూపించుకుంట కూర్చున్నరు, అప్పుడే పడ్డది. నేను కేక పెట్టిన. మనుమడు నా చెయ్యి పట్టుకొని "ఆగు తాతా, మళ్ల ఏస్తడు, మెల్లగ ఏస్తడు, మంచిగ కనబడుతది" అన్నడు.

లేచి అవతలికి వచ్చిన. మళ్ల ఏసే గోలు కోసం మా కాక ఆ ఎండలో అంగీ ఇప్పి కూర్చోలేదు.